పూజ పళ్లెంలో చెవి మిషను

పైసా ఖర్చు లేకుండా బడి పిల్లలందరికీ పండగ చేయించిన టీచరు ధర్మవరం మొత్తమ్మీద నేనొక్కదాన్నే. ఈ మాట ఎవరడిగినా, అడక్కపోయినా చెప్పుకుంటాను. పుస్తకాల కంపెనీవాళ్లు మా చిన్న బడికి "ఆటమ్ వీక్" అని ఒక డబ్బా పంపారు. లోపల నారింజ రంగు కాగితం ఆకులు, అట్టతో చేసిన ఉడుత, మా పక్క ఎవరూ ఎన్నడూ చూడని చెట్టు బొమ్మ ఒకటి ఉంటాయని పైన అచ్చేశారు. ధర కూడా అచ్చేశారు. ధర చూసి, సీలు విప్పకుండానే డబ్బాను వెనక్కి తిప్పి పంపాను. హిందూపురం బజారులో చింతపండు అంగట్లో పెరిగినదాన్ని నేను. మా నాయన మూట విప్పకుండా, వాసన చూసే ధర సగానికి దించేవాడు. అలాంటాయన కూతురికి కాగితం ఆకులు అంటగడతారా?

శరదృతువులో మా దగ్గర ఆకులు రాలవు. కానుగ చెట్టు వానకు తడిసి అప్పుడే నిగనిగలాడుతూ ఉంటుంది. చేలల్లో చెనక్కాయ, అదే వేరుశనగ, పెరుకుతుంటారు. అందుకని దసరా సెలవులకు ముందు నా సొంత పాఠాలు నడిపాను. పచ్చి చెనక్కాయలు కుప్ప పోసి, ఒక గింజవి, రెండు గింజలవి, మూడు గింజలవి వేరు చేయించాను. కానుగాకు మీద కాగితం పెట్టి క్రేయాన్‌తో రుద్దిస్తే ఈనెలన్నీ తేలాయి. చివరికి ఆయుధ పూజ. పండగ సెలవుదినమే అయినా ఆ ఒక్కపూటకు పిల్లల్ని పిలిపించాను. సెలవునాడు బడిలో గంట మోగితే వీధంతా చూస్తుంది, వచ్చే ఏడు నలుగురు చేరతారు అని నా ఎత్తు.

"మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ పనిచేసే వస్తువు ఒకటి తేవాలి" అని చెప్పాను. "పూజలో పెట్టినదాన్ని రేపటిదాకా ముట్టకూడదు" అని కూడా చెప్పాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అంగడి బుద్ధి కదా, కొసరు వేయకుండా ఉండలేను. "ముడితే సరస్వతమ్మకు కోపమొస్తుంది, చదువు రాదు" అని ఒక కొసరు వేశాను.

పండగ పొద్దున యూకేజీ గదిలో చాప పరిచి పెద్ద స్టీలు పళ్లెం పెట్టాము. ఆటో తాళం వచ్చింది, టైలరు టేపు వచ్చింది, ఎవరో అవ్వ అడకత్తెర, మగ్గం మీద తిరిగి తిరిగి నునుపెక్కిన నాడె వచ్చాయి. ఒకడు టీవీ రిమోట్ తెచ్చాడు.

"ఇదేం పనిముట్టురా?" అన్నాను.

"మా నాయన దినామూ దీంతోనే పనిచేసేది మేడం."

పూజకు ముందు అన్నిటినీ వేరు చేయించాను. కోసేవి ఒకపక్క, కొలిచేవి ఒకపక్క, కుట్టేవీ నేసేవీ ఇంకోపక్క. రిమోట్ ఏ గుంపులో చేరుతుందని పిల్లలు కాసేపు కొట్లాడుకున్నారు. తర్వాత అన్నీ పళ్లెంలోకి చేరాయి. మా ఆయమ్మ పసుపునీళ్లు చల్లింది, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టింది, పైన బంతిపూలు కప్పింది. నేను ఫోన్లో ఫోటోలు తీసే పనిలో ఉన్నాను.

గుగ్గిళ్లు పంచేటప్పుడు ఒక పాపను పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. ఆ పాపకు పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఒక చెవికి ఏ మిషనూ పనిచేయదని డాక్టరు చెప్పేశాడట. రెండో చెవి వెనక చిక్కుడుగింజంత మిషను పెట్టుకుంటుంది. అది పెట్టాకే మాటలు వచ్చాయి. మా దగ్గర చేరినప్పుడు "అమ్మ", "నీళ్లు" తప్ప ఏమీ అనేది కాదు, ఇప్పుడు పక్కపిల్ల మీద నాకు చాడీలు చెప్పేదాకా వచ్చింది.

దగ్గరికి పోయి భుజం తట్టాను. జడ పక్కకు తీసి చూస్తే చెవి బోసిగా ఉంది.

మిషను యాడ అని చేత్తో అడిగాను. పాప పళ్లెం వైపు చూపించి నవ్వింది. "నేను పనిచేసేది!" అంది, తన గొంతు తనకు వినపడదు కాబట్టి గదంతా అదిరేలా.

పూలు తీశాను. అడకత్తెర పక్కన, పళ్లెం అంచున చేరిన పసుపునీళ్లలో ఒరిగి ఉంది మిషను. మైకు ఉండే చిన్న చిల్లి మీద సరిగ్గా కుంకుమ బొట్టు.

"అయ్యో, ఏదో కత్తి పిడి అనుకుంటిని మేడం" అంది ఆయమ్మ. "దానికీ బొట్టు పెడితిని."

చేయి చాపాను. పాప నా మణికట్టు రెండు చేతులా పట్టుకుంది. "ముట్టగూడదు! రేపు!"

నేను పెట్టిన రూలు అది. తీసేయాలన్నా నేనే చెప్పాలి. నేను చెప్పేది పాపకు వినపడాలంటే మిషను కావాలి. మిషను పళ్లెంలో నానుతోంది. నోటితో చెప్పాను, చేతులతో చెప్పాను, నీళ్లు చూపించాను. నా పెదాలు చూసి పాపకు అర్థమైంది ఒక్కటే: మేడం తను చెప్పినదాన్ని తనే తప్పుతోంది. ఆఖరికి పాప వేళ్లు విడదీసి మిషను లాక్కున్నాను. పాప పెట్టిన కేకకు గుగ్గిళ్లు తినేవాళ్లంతా ఆగిపోయారు.

"మేడంకు ఇంక చదువు రాదు" అన్నాడు రిమోట్ తెచ్చినవాడు.

బ్యాటరీ మూత తీస్తే లోపల నుంచి పసుపు చుక్క జారింది. కొంగుతో తుడిచాను, ఊదాను, మళ్లీ బ్యాటరీ వేసి చెవికి పెట్టాను. పాప తల అడ్డంగా ఊపింది.

పాపను తీసుకుపోవడానికి వాళ్లమ్మ వచ్చింది. ఇంట్లో పట్టునూలు చుట్టే పని చేస్తుంది ఆమె, ఆరోజు చేతులకు ఇంకా పసుపు ఉంది, వాళ్ల మగ్గానికీ పూజ చేసి వచ్చింది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. మిషను తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, "నెలనెలా కట్టే దీని కంతులే ఇంకా తీరలేదు మేడం" అంది, అంతే.

మిషను కొన్నది హిందూపురంలో, ఆమె పుట్టింటి దగ్గర. అనంతపురం దగ్గరే గానీ, కొన్నచోట అయితే దాని లోపలి సంగతి తెలిసినవాడు ఉంటాడు. అంగడాయనకు ఫోన్ చేశాను. "పూజ అయినాక షట్టర్ దించేస్తానక్కా. మళ్లా రెండు దినాలు తీయను. వచ్చేదుంటే బిర్నా రాండి" అన్నాడు.

ముగ్గురం రైలెక్కాము. పండగ రద్దీలో వాళ్లిద్దరికీ కిటికీ దగ్గర చోటు దొరికింది, నేను నిలబడ్డాను. పెనుకొండలో బండి ఆగిపోయింది. ఏదో రైలుకు దారి ఇవ్వాలట. కొండ మీది కోట గోడను ఎంతసేపు చూసినా బండి కదలదు. ఆ అమ్మ గుడ్డలో చుట్టిన మిషను విప్పి తడి ఆరిందేమో చూడబోయింది. పాప తల్లి చేతుల మీద తన చేతులు మూసింది. "రేపు!" అని అరిచింది. పెట్టెలోవాళ్లంతా ఇటు తిరిగారు.

"ఏమంటాది పాప?" అని అడిగింది పక్కన కూర్చున్న అవ్వ.

"మేడంను అడగవ్వా" అంది ఆ అమ్మ.

చెప్పాను. అవ్వ నా ముఖం ఎగాదిగా చూసి, "పాపను అంటే ఏముండాది? చెప్పినట్టు వింటాంది" అంది.

మేము పోయేసరికి అంగడి షట్టరు సగం దిగి ఉంది. రెండు పక్కలా అరటి పిలకలు, గుమ్మంలో పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. లోపల బల్ల మీద ఒక పళ్లెం. అందులో అతని స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, సన్న బ్రష్షు, అన్నిటికీ బొట్లు.

"ఏమప్పా, అయిదు నిమిషాల పని" అన్నాను వంగి లోపలికి దూరుతూ.

"చూస్తాండారు కదక్కా. సామాన్లు పూజలో ఉండాయి. వాటిని ముట్టను."

"అంతలోపల తుప్పు పడతాది."

"పడతాది. నేను లేదంటినా?"

"రెండింతలు ఇస్తా."

"దుడ్లిస్తే సరస్వతమ్మ ఊరుకుంటాదా? టీచరమ్మంట మీరు. మీకు తెల్దా?"

బేరంలో అవతలివాడి మాట ఎక్కడ వదులుగా ఉందో నాకు చప్పున పట్టుబడుతుంది. ఆ మాట ఎక్కడా వదులుగా లేదు. అది నా మాటే. వెనక ఆ అమ్మ నన్నే చూస్తోందని తిరక్కుండానే తెలిసింది. పాప అతని పళ్లెం చూసింది, అందులో బొట్లు చూసింది, తల్లి కొంగు వెనక్కి పోయింది. ఎవరో తన పక్షాన ఉన్నారన్నట్టు అతని ముఖం కేసి చూసింది.

అతనూ పాపను చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ అమ్మ మెడ వైపు చూపించి, "ఆ పిన్నీసు ఇట్లియ్యక్కా" అన్నాడు. "దానికి పూజ చేయలేదు కదా?"

తాళిబొట్టుకు తగిలించుకున్న గుత్తిలోంచి ఆమె ఒక పిన్నీసు తీసి ఇచ్చింది. అతను పళ్లెం వైపు కన్నెత్తి చూడకుండా, ఆ పిన్నీసు మొనతోనే మిషను పక్క పిన్ను నెట్టి డొప్ప విప్పాడు. పాప తల్లి వెనక నుంచి ముందుకొచ్చి బల్ల అంచు పట్టుకుంది. అతని చేయి పళ్లెం మీదికి పోతుందేమోనని కాపలా. పోలేదు.

"లోపలికి పోయినాయి నీళ్లు" అన్నాడు. "కుంకుమ మైకులో కూచోనుండాది. నీళ్లు పోతే గ్యారంటీ లేదక్కా, ముందే చెప్తాండా." తడి పీల్చే గోళీలున్న సీసాలో మిషను వేసి మూత బిగించాడు. "బతికితే బతుకుతాది. షాపు తీసినాక ఫోన్ చేస్తా."

స్టేషనుకు నడిచేటప్పుడు నాలోని అంగడిమనిషి నోరు తెరిచింది. "బాగు కాకపోతే కొత్తదానికి సగం నేను వేసుకుంటానమ్మా" అన్నాను. ఎంతో గొప్పగా అన్నాననుకున్నాను.

ఆమె నడక ఆపలేదు. "పసుపునీళ్లలో సగం నేను చల్లినానా మేడం?"

బజారు దాటేదాకా వాళ్లిద్దరూ ముందు, నేను వెనక నడిచాము.

అతను చెప్పినట్టే ఫోన్ చేశాడు. మిషను గరగరమంటోందట, మాట పలకడం లేదట. కొత్తది బెంగళూరు నుంచి తెప్పించాలన్నాడు. అది వచ్చేలోపలే సెలవులు అయిపోయి బడి తెరిచాము. పాప రోజూ వచ్చి ముందు వరుసలో కూర్చునేది. అందరూ నవ్వితే, వాళ్ల ముఖాలు చూసి కొంచెం ఆలస్యంగా నవ్వేది. నేను అప్పుడు వాన పాట నేర్పిస్తున్నాను. మొదలుపెట్టిన పాటను మధ్యలో ఆపలేక నేర్పించేశాను.

ఇక బిల్లు. కొత్త మిషను మొత్తం నా డబ్బే. బేరమాడాను, ఆడకుండా ఉండలేను. బ్యాటరీల డబ్బా ఒకటి ఊరికే వచ్చింది, అది పాపవాళ్లకే ఇచ్చాను కాబట్టి నాకు కలిసొచ్చింది లేదు. హిందూపురానికి పోయి వచ్చిన ఖర్చులు నావే. పాత మిషను కంతులు నేను కడతానంటే ఆ అమ్మ ఒప్పుకోలేదు, పలకని మిషనుకు ఆమే కడుతోంది. దాన్ని నా ఖర్చు కింద రాసుకోలేను. వినపడకుండా కూర్చున్న రోజులు పాపవి. వాన పాట మధ్యలో ముక్క ఆ పాపకు ఇప్పటికీ రాదు, అక్కడికొచ్చేసరికి పెదాలు మాత్రం కదుపుతుంది. ఆటల పీరియడులో మిషను తీయాల్సి వస్తే ఆయమ్మ చేతికిస్తుంది. నిన్న నేను చేయి చాపాను. పాప మిషనును పిడికిట్లో మూసుకుని, నా పక్కనుంచి ఆయమ్మ దగ్గరికి నడిచిపోయింది.