ఎర్రనీళ్ళు పోసిన బండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పాత కారు ఉండేది. దాన్ని తలచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. కారు మీద కాదు. అది ఇనుప వస్తువు, దానికేం తెలుసు! దాని చుట్టూ నిలబడి తీర్పులు చెప్పిన మా వాళ్ళ మీద, వాళ్ళతో గొంతు కలిపిన నా మీద. అరవై దాటితే కోపాలు చల్లారతాయని అంటారు. నా మటుకు ఆ మాట వట్టి అబద్ధం.

మేం అప్పుడు మలేషియాలోని సుంగై పెటానిలో ఉండేవాళ్ళం. మా తాతయ్య రబ్బరు తోటలో గుమస్తాగా చేసి పోయారు. ఆయన పోయాక నాన్న పట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరి, వరస ఇళ్ళ వీధిలో ఒక ఇల్లు తీసుకున్నాడు. నాన్న, అమ్మ, నేను, నానమ్మ, చిన్నాన్న, ఇదీ మా సంసారం. చిన్నాన్న పెళ్ళికి వారం ముందు నాన్న ఆ కారు తెచ్చాడు. అప్పటికే అది ఇద్దరి దగ్గర నలిగి వచ్చింది. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. బానెట్ మీద ఒకచోట తుప్పు తినేసి చిక్కుడుగింజంత చిల్లు పడింది. వైపర్లు బొత్తిగా చచ్చిపోయాయి కాబట్టి మబ్బు పడితే చాలు, దాన్ని రేకుల షెడ్డులోంచి కదిపేవాళ్ళు కాదు. వాన రోజుల్లో అందరం బస్సెక్కేవాళ్ళం. అయినా వీధిలో తెలుగువాళ్ళలో మొదటి కారు మాదేనని నాన్న మీసం తిప్పుకునేవాడు.

మా నానమ్మకు దిష్టి భయం జాస్తి. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపూ సున్నమూ కలిపితే ఎర్రబడతాయి కదా, కొత్తకోడలు గడప దాటినప్పుడల్లా ఆ ఎర్రనీళ్ళు తిప్పి పారబోయాల్సిందే. తోటలో ఉన్న రోజుల్లో మట్టిబాట మీద పోసేదట. కారు వచ్చాక ఆమె ఆచారాన్ని కొంచెం పెంచింది. కొత్తకోడలూ కొత్తగా వచ్చిన బండీ కలిసి బయల్దేరుతున్నాయంటే ఊరి కళ్ళన్నీ మా మీదే ఉంటాయని, కోడల్ని బండిలో కూర్చోబెట్టి, పళ్ళెం మూడుసార్లు తిప్పి, బండికి ముఖం కడిగినట్టు బానెట్ మీద గుమ్మరించేది. కోడలు లేకుండా మేం వెళ్ళేటప్పుడు ఈ హంగామా ఏమీ లేదు. మా ముఖాలకు దిష్టి ఎవడు పెడతాడని నవ్వేది.

ఆ కొత్తకోడలు, మా పిన్నిది బంటింగ్ అనే ఊరు. ఆమె నాన్న తెలుగాయన, తోటలో లారీలు బాగుచేసేవాడు, అమ్మ తమిళావిడ. అందుకని పిన్ని తెలుగులో సగం తమిళం దొర్లేది. నానమ్మకు అదే మొదటి ముల్లు. సంబంధం కుదిర్చింది తానే అయినా, కోడలు నోరు తెరిచిన ప్రతిసారీ మా అమ్మ వైపు చూసి మూతి తిప్పేది.

పెళ్ళయిన వారానికి అందరం గుడికి బయల్దేరాం. దిష్టి తీశారు. వీధి మలుపు దాటకముందే బండి దగ్గింది, ఎగిరెగిరి పడింది, ఆగిపోయింది. నాన్నా చిన్నాన్నా తోసి తోసి చెమటలు కక్కారు. పిన్నీ నానమ్మా నడిచి ఇంటికి వెళ్ళిపోయారు. గంటసేపు ఎండలో నిలబడ్డాక అదే బండి, ఏమీ ఎరగనట్టు, ఒక్క తిప్పుకి స్టార్టయింది. పది రోజులకు బంధువుల ఇంటికి బయల్దేరితే మళ్ళీ అంతే. ఆ తర్వాతా అంతే. పిన్ని ఎక్కితే చావడం, దిగి వెళ్ళిపోయాక బతకడం. మధ్యలో నాన్న ఒక్కడే ఎన్నిసార్లు తీసుకువెళ్ళినా దానికి తుమ్మైనా వచ్చేది కాదు.

రోడ్డు పక్కన వర్క్‌షాపు పెట్టుకున్న ఒక చీనా తాత మా మెకానిక్. ఆయన ప్లగ్గులు మార్చాడు. మరోసారి పాయింట్లు మార్చాడు. ఇంకోసారి కాయిల్ మార్చాడు. ఆయన దగ్గరికి వెళ్ళేసరికి బండి పెళ్ళికొడుకులా నడిచేది. రోగం కనబడని బండికి నేనేం మందు వేయనని ఆయన మలాయ్ భాషలో చెప్పి చేతులెత్తేశాడు. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పాడు. ఇక నానమ్మకు ఏం కావాలి!

“యంత్రంలో లోపం నేదని ఆడే సెప్పినాడు గదా. ఈ పిల్ల కాలెట్టిన కాడ్నించి బండి సచ్చిపోతంది. ఇంకేటి సెప్పమంటారు నన్ను?” అంది.

నేను నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అప్పుడు నాకు పదేళ్ళు. పట్నంలో తెలుగువాళ్ళందరూ కలిసి ఒక హాల్లో పిల్లలకు పద్యాల పోటీ పెట్టారు. నెల రోజులు గొంతు బొంగురుపోయేలా బట్టీ పట్టాను. ఆ రోజు నాకు జడ వేసింది, పట్టుపరికిణీ కట్టింది పిన్నే. తానూ వింటానని సరదాపడి కారెక్కింది. నానమ్మ దిష్టి తీసింది. మలుపు దగ్గర బండి ఆగింది. నాకు లోకం తలకిందులైపోయింది. పిన్ని వైపు తిరిగి, “నువ్వు దిగు! నువ్వెక్కితేనే ఇలాగవుతాది!” అని అరిచాను.

కారులో మా అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, చిన్నాన్న ఉన్నాడు. ఒక్కరంటే ఒక్కరు నా చెంప పగలగొట్టలేదు. పైగా గేటు దాకా వచ్చి చూస్తున్న నానమ్మ, చిన్నపిల్లల నోట దేవుడే పలుకుతాడంది. పిన్ని దిగింది. వెనక్కి చూడకుండా ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయింది. బండి మళ్ళీ నడిచి మేం చేరేసరికి హాల్లో కుర్చీలు మడిచేస్తున్నారు.

ఆ వారమే నానమ్మ ఎవరినో అడిగి వచ్చింది. పిన్నిని మూడు నెలలు పుట్టింట ఉంచాలట. మావాళ్ళలో ఇలా పంపడమంటే ఏమిటో పదేళ్ళదాన్ని నాకే తెలుసు. మా బంధువుల్లో అలా వెళ్ళిన ఒక అత్తకు మళ్ళీ పిలుపు రాలేదు. ఆదివారం బంటింగ్ నుంచి పిన్ని అన్నయ్య వచ్చి తీసుకువెళ్ళేలా కబురు వెళ్ళింది. ఆ మాట భోజనాల దగ్గర తేలింది. నాన్న నీళ్ళు తాగాడు. అమ్మ గిన్నెలు సర్దింది. చిన్నాన్న తలెత్తకుండా పెరుగన్నం కలుపుకున్నాడు. అందరిలోకీ ఆయన మీదే నాకు ఇప్పటికీ ఎక్కువ మంట. మెడలో తాళి కట్టినవాడు ఒక్కసారి “ఎందుకు?” అని అడగలేకపోయాడు. నోట్లో ముద్ద అడ్డం వచ్చింది కాబోలు!

శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళు పనికి పోయారు, నానమ్మ నడుం వాల్చింది. షెడ్డులో చప్పుడైతే వెళ్ళి చూశాను. పిన్ని చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని బానెట్ ఎత్తి నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడవడం లేదు. పళ్ళు బిగబట్టి ఉంది. అంత కోపంగా ఉన్న మనిషి అంత నెమ్మదిగా పని చేయడం నేను అంతకుముందు చూడలేదు. మా ఇంట్లో కోపమంటే గిన్నెలు ఎగరడమే. నాకు తప్పుకుని పోవాలనిపించింది. ఆమే పిలిచింది.

“పోటీ దినం ఏటేటి జరిగినాయో వరసగా సెప్పు కణ్ణూ. చిన్నదని ఏదీ వదలకు లా,” అంది. కణ్ణూ అంటే తమిళంలో కన్నా అని; చివరి ‘లా’ అక్కడ అందరి మాటలోనూ దొర్లే ఊతపదం.

నేను అరిచిన అరుపు గురించి ఒక్క మాట అనలేదు. నేను తల వంచుకుని చెప్పుకుంటూ పోయాను: జడ, పరికిణీ, కారెక్కడం, పళ్ళెం, ఎర్రనీళ్ళు, మలుపు. ఎర్రనీళ్ళ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గుడికి వెళ్ళిన రోజు? పోశారు. బంధువుల ఇంటికి? పోశారు. నాన్న ఒక్కడే వెళ్ళినప్పుడు? లేదు. ఆమె వంగి బానెట్ చిల్లు ఎక్కడుందో వేలితో చూసి, సరిగ్గా దాని కిందకి నా చూపు తిప్పింది. అక్కడ ప్లగ్గులన్నిటికీ నిప్పురవ్వ పంచిపెట్టే డిస్ట్రిబ్యూటర్ ఉంది. దాని నల్లటి మూత మీద ఎండిపోయిన ఎర్రటి చారలు. మూత విప్పి వెలుతురుకు పట్టుకుంటే వెంట్రుకంత పగులు. ఆ పగుల్లోకి తడి చేరితే రవ్వ దారి తప్పుతుందనీ, ఎండకీ ఇంజను వేడికీ గంటలో ఆరిపోతే మళ్ళీ దారికొస్తుందనీ నాకు అర్థమయ్యేలా చెప్పింది.

నేను ఎగిరి గంతేసి నానమ్మను లేపబోయాను. పిన్ని నా చెయ్యి పట్టి ఆపింది.

“ఇప్పుడు సెప్తే సాకు అంటారు. రేపు ఆళ్ళ కళ్ళతోనే సూడనీ. మా అప్పా ఏటంటాడో తెలుసా? ఒకేసారి మూడు మార్చేవాడికి బండి ఏటీ సెప్పదు. ఒక్కటి మార్చాల, నడిపి సూడాల. తరవాతే ఇంకోటి.”

శనివారం పొద్దున ఎండ కాస్తుండగా పిన్ని అందరినీ వాకిట్లోకి పిలిచింది. వెళ్ళిపోయేముందు ఒక్క కోరిక అంది. పోయే మనిషి కదా అని ఎవరూ కాదనలేదు. ముందు దిష్టి లేకుండా తాను కారెక్కి కూర్చుంది. చిన్నాన్న వీధి చుట్టూ రెండుసార్లు తిప్పాడు. బండి కిక్కురుమనలేదు. నానమ్మ ముఖం గంటు పెట్టుకుంది. అప్పుడు పిన్ని దిగి, గేటు పక్కన దూరంగా నిలబడి, నన్ను ఎక్కమంది.

“అత్తమ్మా, పాప పోటీకి పోనేకపోయినాది. దిష్టేమో. ఇయ్యాళ పాపకి తీయండి,” అంది.

నానమ్మ పళ్ళెం తెచ్చింది. మూడుసార్లు తిప్పింది. బానెట్ మీద పోసింది. చిన్నాన్న బండి కదిపాడు. నేను లోపల కూర్చుని, జీవితంలో మొదటిసారీ చివరిసారీ, బండి ఆగిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అదే మలుపు. అదే దగ్గు. ఆగిపోయింది. వీధిలో నలుగురూ చూస్తుండగా పిన్ని నడిచి వచ్చింది, బానెట్ ఎత్తింది, మూత విప్పి పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచింది, బిగించింది. చిన్నాన్నను దిగమని సైగ చేసి తానే తాళం తిప్పింది. ఒక్క తిప్పుకి అందుకుంది. దిగివచ్చి ఎర్రటి మరకలంటిన ఆ గుడ్డను నానమ్మ చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఎవరో ఒకరు “తప్పయిపోయిందమ్మా” అంటారని నేను ఎదురుచూశాను. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను. నానమ్మ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, “అయితే ఇకమీద టైరు కాడ పోస్తాన్లే,” అంది. నాన్న పగలబడి నవ్వాడు. మూత ఒకటి మార్చుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతమా అన్నాడు. చిన్నాన్న “భలే కనిపెట్టినావే!” అని మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాడండీ! ఒక మనిషిని మూటా ముల్లే కట్టించి గుమ్మం దాకా తెచ్చినవాళ్ళు, పొడుపుకథ విప్పిన పిల్లను మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నారు. అన్నయ్యను రావద్దని కబురు పంపారు. మధ్యాహ్నం పాయసం వండారు. పిన్ని అందరికీ వడ్డించింది గాని తాను ముట్టలేదు.

కొత్త మూత వచ్చాక పిన్ని దానికి తొడుగు కూడా వేసింది. మా ఊళ్ళో దొరికే రబ్బరు చేతితొడుగు ఒకటి తెచ్చి, వేళ్ళ కొసలు కత్తిరించి, అయిదు వేళ్ళలోంచి అయిదు వైర్లు లాగి, మూత మీద బోర్లించింది. ఆ తర్వాత ఆ కారు ఎన్నో ఏళ్ళు నడిచింది. రేడియేటరు కారినా, బ్రేకు పట్టకపోయినా, వైపర్లకు మళ్ళీ ప్రాణం పోయాలన్నా పిన్నే. ఒక్కొక్కటే మార్చి, నడిపించి చూసి, అప్పుడే రెండోదాని మీద చెయ్యి వేసేది. నాకు స్పానర్ల అంకెలు నేర్పింది కూడా ఆమే.

కానీ ఆ శనివారం తర్వాత ఆమె ఆ కారులో కూర్చోలేదు. గుడికైనా, పెళ్ళికైనా, కడుపుతో ఉండి ఆసుపత్రికి పోవాల్సి వచ్చినా బస్సులోనే వెళ్ళింది. మేం కారులో ముందు చేరేవాళ్ళం. ఆమె వెనక బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చేది. పదిహేనేళ్ళప్పుడు ధైర్యం చేసి అడిగాను, బండి మీద ఇంకా కోపమేనా పిన్నీ అని. ఆమె నూనె చేతులు తుడుచుకుంటూ, “బండి మీద నాకేటి కోపం కణ్ణూ? కోపముంటే బాగుసేస్తానా?” అంది. దిగమన్నందుకు క్షమించమని అడగాల్సింది అప్పుడే. నోరు రాలేదు. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్ళూ రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏదైనా చెడిపోయి, ఎవరైనా ఒక మనిషి వైపు వేలు చూపిస్తే నేను ఊరుకోను. ఆ రోజు ఇంకా ఏమేం జరిగాయో వరసగా చెప్పమంటాను. చెప్పేదాకా లేవనివ్వను. మొన్న మా చిన్నవాడి షాపులో బేరం తగ్గిందని ఎవరో మా కొత్తకోడలు వచ్చిన వేళ గురించి నసిగారు. చేతిలో కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి నేను వేసిన కేకకు వీధి కుక్కలు లేచాయి. అత్తమ్మకు కోపం ఎక్కువని ఆ పిల్ల ఫోనులో వాళ్ళ అమ్మకు చెబుతుంటే విన్నాను. నిజమే తల్లీ, ఎక్కువే. ఆ రోజు కారులో పెద్దవాళ్ళు ముగ్గురు ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికి ఈ కోపం ఉండి ఉంటే, పిన్ని దిగేది కాదు.