స్పూలు జ్ఞానశేఖర్

జ్ఞానశేఖర్‌కి చెవులు రెండూ బాగానే పనిచేసేవి గానీ, వాటి మాట మీద అతనికి నమ్మకం లేదు. పాటైనా, మాటైనా, పక్కింటి గిన్నెల చప్పుడైనా తన స్పూలు టేప్ రికార్డరులోకి ఎక్కి, మళ్ళీ అందులోంచి దిగివస్తేనే అది నిజంగా వినపడినట్టు లెక్క. "చెవికి మొగమాటం ఉంటాది బావా. టేపుకి ఉండదు" అనేవాడు. గాజువాకలో అతనుండే వీధిలో జ్ఞానశేఖర్ అనే పేరుగలవాడు ఇంకొకడు లేడు. అయినా సరే, పాలవాడి దగ్గర్నించి పోస్టుమేన్ దాకా అందరికీ అతను స్పూలు జ్ఞానశేఖరే.

ఈ మాటలన్నీ ఎక్కువగా విన్నది పక్క వాటాలో ఉండే అర్జునరావు. అర్జునరావుది సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబం. అన్నదమ్ములింకా పడవలెక్కుతూనే ఉన్నారు. ఇతనొక్కడూ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి గాజువాక వచ్చేశాడు. ఇద్దరిదీ రోలింగ్ మిల్లే, ఇద్దరిదీ ఒకటే షిఫ్టు. అందువల్ల మిషను కొనడానికి వెళ్ళిన రోజున మొయ్యడానికి ఇంకో మనిషిని వెతకాల్సిన అవసరం జ్ఞానశేఖర్‌కి కలగలేదు.

అది తొంభైల మొదట్లో. ఊళ్ళో జనమంతా క్యాసెట్లు కొంటున్న కాలం. పూర్ణా మార్కెట్ వెనకాల ఒక పాత సామాన్ల కొట్లో, ఏదో ఓడలోంచి దిగిన జపాను మిషను జ్ఞానశేఖర్ కంటబడింది. అన్నం కంచాలంత చక్రాలు రెండు, వాటి మధ్య పాకే గోధుమరంగు టేపు, ముందు వైపు వణికే ముళ్ళు రెండు. సిటీ బస్సులో దాన్ని అర్జునరావు తొడల మీద పెట్టి, మూత మాత్రం తను పట్టుకున్నాడు.

"ఆ కుట్టుమిషనుకి లగేజీ కొట్టాల" అన్నాడు కండక్టరు.

"కుట్టుమిషను కాదు. జపాను మిషను."

"జపానుదైనా లగేజీయే."

గాజువాకలో దిగేసరికి అర్జునరావుకి తొడలున్నాయో లేవో తెలియలేదు. "ఏటి బావా ఇది? క్యాసెట్టయితే జేబులో పడతాది. ఈ రుబ్బురోలు నీకేల?" అన్నాడు.

"సేపలోళ్ళింట్లో పుట్టి నువ్వు ఆ మాట అనకూడదు. స్పూలంటే ఇప్పుడే పడవలోంచి దిగిన సేప. క్యాసెట్టంటే ఎండు సేప."

కొన్నాళ్ళకి సీడీలు వచ్చాయి. "మరిదేటి?" అని అడిగాడు అర్జునరావు.

"అది గోడ మీద సేప బొమ్మ" అన్నాడు జ్ఞానశేఖర్.

ఈ సిద్ధాంతం అర్జునరావు నవ్వుతూ ఇంట్లో చెబితే, వాళ్ళమ్మ పాపాయమ్మకి కోపం వచ్చింది. ఆవిడ జన్మంతా ఎండు చేపలమ్మిన మనిషి. "ఎండు సేపకేటి తక్కువ? ఆడి మిషను వాసనొత్తాదా, మా సేప వాసనొత్తాదా?" అని, ఆ వేట కాలం మొత్తం జ్ఞానశేఖర్‌తో మాట్లాడలేదు.

జ్ఞానశేఖర్ మిషను ముందు కూర్చున్నాడంటే ఇంట్లో ఫ్యాను ఆగేది, మే నెలైనా సరే. కుక్కరు దిగేది. భార్య ఎవాంజలిన్ గాజులు తీసి బల్ల మీద పెట్టేది. ఆ పెట్టిన చప్పుడుకి "అబ్బా, లెవెల్ పోనాది" అని మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఇంటికొచ్చినవాళ్ళు టీ తాగి గ్లాసు కింద పెట్టకూడదు, టేపు అయ్యేదాకా చేతిలోనే ఉండాలి.

"పెళ్ళిసూపులప్పుడు ఈయన స్టీల్ ప్లాంటులో పన్జేత్తారన్నారు అన్నయ్యా. రేడియో స్టేషన్లో అని ఎవరూ సెప్పనేదు" అనేది ఎవాంజలిన్ అర్జునరావుతో, అదీ గుసగుసగా.

విచిత్రమేమిటంటే, రోలింగ్ మిల్లులో మనిషి మాట మనిషికి వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకోవాలి. అక్కడ మాత్రం జ్ఞానశేఖర్ ఒక్కనాడూ చెవులు మూసుకోలేదు. అడిగితే, "అది మిల్లు గొంతు బావా. శుభ్రంగా ఉంటాది. సెంచా సప్పుడులాగ మజ్జిలో దూరదు" అనేవాడు.

వచ్చిన ప్రతి మనిషి గొంతూ పట్టడం అతనికి అలవాటు. "లెవెల్ సూడాల, ఏదైనా మాట్లాడండి" అని మైకు మూతి ముందు పెట్టేవాడు. హలో అంటే ఒప్పుకోడు. పొద్దున్నేటి తిన్నారో చెప్పాలి. ఇన్సూరెన్సు ఏజెంటు భీమశంకరరావు ఒకసారి ఇడ్లీ, చట్నీ అని చెప్పి, ఆ పైన పాలసీ సంగతి కూడా చెప్పుకొచ్చాడు. జ్ఞానశేఖర్ అదంతా వెనక్కి తిప్పి వినిపించాడు.

"నా గొంతు ఇలాగుంటాదా?" అన్నాడు ఆయన పాలిపోయి.

"ఇలాగే ఉంటాది. టేపు అబద్దమాడదు."

భీమశంకరరావు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. ఉద్యోగమే మానేశాడని కొందరన్నారు.

ఇంకోసారి, తన తమ్ముడి గృహప్రవేశానికి వస్తానని అర్జునరావు మాటిచ్చాడని ఈశ్వరి, నేనెప్పుడిచ్చానని అర్జునరావు, భార్యాభర్తలు గుమ్మంలో నిలబడి వాదించుకుంటున్నారు. జ్ఞానశేఖర్ పక్క వాటా గిన్నెల చప్పుడు పట్టిన స్పూలొకటి ఎక్కించి మీట నొక్కాడు. "వత్తాన్లేయే, ఆదివారం తప్పకుండా వత్తాను, ముందు కూర వడ్డించు" అంది అర్జునరావు గొంతు, నములుతూ. ఆ ఆదివారం అర్జునరావు బావమరిది ఇంట్లో కుర్చీలు వేశాడు. అప్పటినించీ వీధిలో ఏ తగువొచ్చినా ఆడవాళ్ళు జ్ఞానశేఖర్ గుమ్మం దాకా వచ్చి తేల్చుకునేవారు. అతని మాటని ఎవరూ లక్ష్యపెట్టేవారు కాదు గానీ, టేపు మాట మీద అప్పీలు లేదు.

ఆ పేరే చివరికి చర్చి దాకా పాకింది.

రెండువేల మూడో నాలుగో, ఆ ప్రాంతంలో. చర్చిలో పాటలు పాడే క్వయర్‌కి కొత్తగా జాక్సన్ లీడరయ్యాడు. బ్యాంకు ఉద్యోగి, కీబోర్డు బాగా వాయిస్తాడు, మంచి కుర్రాడే. ఊళ్ళో చర్చి సంఘాలన్నిటికీ జరిగే క్రిస్మస్ క్యారల్స్ పోటీలో ఈసారి కప్పు తేవాలని అతని పట్టుదల. దానికి అడ్డం ఆరోగ్యమ్మగారు. రిటైరైన నర్సు. క్వయర్ పుట్టినప్పటినించీ మొదటి వరసలో నిలబడి పాడుతున్న మనిషి. ఈమధ్య ఆవిడకి వినికిడి తగ్గింది. పాట ఎత్తుకున్నప్పుడు అందరితోపాటే ఉండేది గానీ, రెండో చరణానికి ఆవిడ శ్రుతి మెల్లిగా మెట్లు దిగి వెళ్ళిపోయేది. ఆ సంగతి ఆవిడకి తప్ప అందరికీ తెలుసు.

"ఆంటీకి నేను చెప్పలేనండి" అన్నాడు జాక్సన్ పాస్టరుగారితో.

"నేనూ చెప్పలేను" అన్నారు పాస్టరుగారు. ఆవిడ ఆయన పిల్లలిద్దరికీ సూదులు వేసిన మనిషి.

"శేఖరన్నయ్య చేత రికార్డు చేయించి వినిపిద్దాం. ఆ టేపు అబద్ధం చెప్పదు కదా. తన గొంతు తను వింటే ఆంటీయే తప్పుకుంటారు."

పాస్టరుగారికి పెద్ద బరువు దిగింది. జ్ఞానశేఖర్‌కయితే ఆ కబురు విన్న సంతోషంలో అన్నం సహించలేదు. ఇన్నాళ్ళకి సంఘం తన మిషనుని గుర్తించింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, శనివారం సాయంత్రం ప్రాక్టీసుకి షేర్ ఆటోలో బయల్దేరాడు. మిషను మామూలుగానే అర్జునరావు తొడల మీద ఉంది.

చర్చిలో ఫ్యాన్లు ఆపించాడు. పాస్టరుగారి జేబులో తాళాలు తీయించాడు. తర్వాత మైకు ఆరోగ్యమ్మగారి ముందు పెట్టాడు.

"లెవెల్ సూడాలండి. పొద్దున్నేటి తిన్నారో సెప్పండి."

"ఉప్మా నాయనా."

"ఇంకొంచెం మాట్లాడండి."

"ఏం మాట్లాడను? ఉప్మాలోకి చట్నీ కూడా చేసుకోలేదు. ఒక్కదానికి ఏం చేసుకుంటాను? శనివారం కదా, ఇక్కడికి వస్తానని సంతోషం. మిగతా రోజుల్లో నాకు గొంతు విప్పే పనేముంటుంది నాయనా, ఇంట్లో ఎవరున్నారని?"

వెనక వరసలో పిల్లలు నవ్వారు. జ్ఞానశేఖర్ చెయ్యి మీట మీదే కాసేపు ఉండిపోయింది. "సాలండి, లెవెల్ వచ్చింది" అన్నాడు.

పాట అయింది. ఎవరికైనా వినిపించే ముందు తను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం అతని పద్ధతి. అర్జునరావు అతని వెనకే నిలబడి చూస్తున్నాడు. మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీ దారి తప్పి పక్కకి దూసుకొచ్చినప్పుడు ఉండే మొహం ఒకటి ఉంది, రెండో చరణం దగ్గర జ్ఞానశేఖర్‌కి ఆ మొహం వచ్చింది. హెడ్‌ఫోన్లు తీశాడు. ఆరోగ్యమ్మగారు చీర చెంగు సర్దుకుని, పరీక్ష ఫలితాలకి వచ్చినదానిలా ముందు బల్ల మీద కూర్చుని ఉంది.

"వెయ్యన్నయ్యా" అన్నాడు జాక్సన్.

పాట మొదలైంది. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణానికి క్వయర్ మొత్తం ఒక్కసారిగా నూతిలోకి జారి, ఎవరో చేద వేసి లాగినట్టు పైకొచ్చి, మళ్ళీ జారింది. ఆడవాళ్ళ గొంతులు మగవాళ్ళ గొంతులయ్యాయి. మగవాళ్ళవి గేదెల గొంతులయ్యాయి. అందరికంటే కిందికి పోయింది జాక్సన్ గొంతే.

"జలుబు చేసిందా జాక్సన్ నాయనా?" అని అడిగింది ఆరోగ్యమ్మగారు.

అందరూ స్పీకరు వైపు చూస్తూ నవ్వుతున్నారు. అర్జునరావు ఒక్కడే జ్ఞానశేఖర్ చేతివైపు చూశాడు. ఎడమచేతి బొటనవేలు తిరిగే చక్రం అంచుని నొక్కి దాని జోరు తగ్గిస్తోంది, మళ్ళీ వదులుతోంది.

"మిషను ప్రాబ్లమా అన్నయ్యా?" అన్నాడు జాక్సన్ భయపడుతూ. ఆ మాట అన్నందుకే జ్ఞానశేఖర్ ఒకప్పుడు సొంత మేనమామ ఇంటికి వెళ్ళడం మానేశాడు.

జ్ఞానశేఖర్ తల దించుకున్నాడు. "మిషనే. ముసిల్దయిపోనాది. దీని మాట ఇంక నమ్మకూడదు" అన్నాడు.

మిషను బాగయ్యాక మళ్ళీ చూద్దాం, అప్పటిదాకా ఎవరి చోట్లో వాళ్ళుండండి అని పాస్టరుగారు తేల్చేశారు.

ఆటోలో అర్జునరావు ఉండబట్టలేక అడిగాడు. "బావా, సక్రం మీద ఏలెందుకెట్టావు?"

"దుమ్ముంటేనూ" అన్నాడు జ్ఞానశేఖర్ రోడ్డు వైపు చూస్తూ. అర్జునరావుకి ఏమీ అర్థం కాలేదు. మిషనుతోపాటు మనిషికి కూడా ముసలితనం వచ్చిందేమో అనుకున్నాడు.

కథ అక్కడితో ఆగేదే గానీ, జాక్సన్ మంచివాడు. తనవల్ల అన్నయ్య మిషను పరువు పోయిందని బాధపడి, పాత ఊళ్ళో రేడియోలు బాగుచేసే ఎల్లాజీని వెంటబెట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికే వచ్చేశాడు. పరాయివాడి చేతిని ఎన్నడూ తగలనివ్వని మిషనుకి ఎల్లాజీ మరలు విప్పుతుంటే, జ్ఞానశేఖర్ పసిపిల్లకి సూది వేయిస్తున్న తండ్రిలా పక్కన నిలబడ్డాడు. జాక్సన్ ఎదురుగా స్పీకరు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

"మోటారు బాగుంది. బెల్టు బాగుంది. దీనికేటీ నేదు సార్" అని, ఎల్లాజీ అందులో ఉన్న స్పూలునే తిప్పాడు. అది ఆ శనివారం పాటే. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి జ్ఞానశేఖర్ బొటనవేలు మళ్ళీ చక్రం మీదికి చేరింది. క్వయర్ నూతిలో పడింది.

"సార్, ఏలు తియ్యండి" అన్నాడు ఎల్లాజీ. స్పీకరు మోతలో ఆ మాట జాక్సన్ దాకా వెళ్ళలేదు.

"ఏ ఏలు?" అన్నాడు జ్ఞానశేఖర్.

అప్పుడు, ఆ పక్కనే నిలబడి చూస్తున్న అర్జునరావుకి వెలిగింది. ఆ వేలు లేస్తే ఆరోగ్యమ్మగారికి శనివారం ఉండదు. ఎల్లాజీ మళ్ళీ నోరు తెరిచేలోపు తనే అందుకున్నాడు.

"ఎల్లాజీ, లోపల ఏదో పార్టు అరిగిపోనాదన్నావు కదా ఇందాక. అదేనా ఇది?"

ఎల్లాజీ ఆ మాట అనలేదు. అర్జునరావుని చూశాడు, బొటనవేలుని చూశాడు, వంటింటి గుమ్మంలో టీ పట్టుకుని నిలబడి కళ్ళతోనే బతిమాలుతున్న ఎవాంజలిన్‌ని చూశాడు.

"అదే" అన్నాడు నెమ్మదిగా. "ఆ పార్టు ఇక్కడ దొరకదు."

"జపాను నుంచి తెప్పిద్దామా?" అన్నాడు జాక్సన్.

"ఆ కంపెనీ మూసేసినారండి" అని, ఎల్లాజీ మరలు బిగించేశాడు.

ఆ ఏడు కప్పు గోపాలపట్నం సంఘానికి పోయింది. గాజువాక వాళ్ళకి చప్పట్లు దక్కాయి. "గోపాలపట్నం వాళ్ళకి శ్రుతి కొంచెం తేడాగా ఉంది కదూ?" అంది ఆరోగ్యమ్మగారు తిరిగొస్తూ బస్సులో. జాక్సన్ కిటికీలోంచి బయటికి చూస్తూ "అవునాంటీ" అన్నాడు.

కొత్త సంవత్సరం ఆరాధనకి జ్ఞానశేఖర్ పిలిస్తే అర్జునరావు కూడా వెళ్ళి వెనక బల్లలో అతని పక్కన కూర్చున్నాడు. ప్రార్థన అవసరాలున్నవాళ్ళు చెప్పండి అన్నారు పాస్టరుగారు. ఒకరు కాలి నొప్పన్నారు, ఒకరు ట్రాన్స్‌ఫరన్నారు. ఆరోగ్యమ్మగారు లేచి నిలబడింది.

"మన జ్ఞానశేఖర్ మిషను నా గొంతు పడుతూ ఉండగా పాడైపోయింది. పాపం, ఆ అబ్బాయికి అదంటే ప్రాణం. దానికి స్వస్థత కలగాలని నేను రోజూ మోకరిస్తున్నాను. మీరందరూ కూడా ప్రార్థించండి."

పాస్టరుగారు కళ్ళు మూసుకుని మిషను కోసం కూడా గట్టిగానే ప్రార్థన చేశారు. సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. జ్ఞానశేఖర్ మాత్రం పెదవులు బిగించుకుని కూర్చున్నాడు.

"ఆమెన్ అనవేటి బావా?" అన్నాడు అర్జునరావు చెవిలో.

"ఆవిడ ప్రార్థన సానా గట్టిది. నాను కూడా ఆమెనంటే నిజంగా బాగయిపోతాది."

మర్యాదకి తనూ ఒక ఆమెన్ అందామని అర్జునరావు అప్పటికే నోరు తెరిచి ఉన్నాడు. మెల్లిగా మూసుకున్నాడు.