సముద్రం వైపు నుంచి చూడని చెట్టు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, జూన్ నెల మొదట్లో, శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక మండలానికి ఉద్యాన అధికారిగా బదిలీ అయ్యాను. అప్పటిదాకా చీపురుపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లోనే నా సర్వీసు గడిచింది. సముద్రం పక్కన ఉద్యోగం అదే మొదలు. చేరిన వారానికే మా సహాయ సంచాలకులు, అంటే నా పై అధికారి, ఒక పని అప్పగించారు. ఒక మత్స్యకారుల పేటకూ ఒడ్డుకూ మధ్య రెండెకరాల ఉమ్మడి తోట ఉంది. అందులోని సరుగుడు చెట్లు తుఫానుకు చాలావరకు కూలిపోయాయి. ఆ జాగాలో మళ్లీ సరుగుడే వెయ్యాలా, జీడిమామిడి వెయ్యాలా అన్నది పోల్చి నివేదిక ఇవ్వాలి.

పోలిక పట్టికలు వెయ్యడంలో నాకు కొంచెం గర్వం ఉండేది. రెండు చెట్లనూ పక్కపక్కన పెట్టి నేల, నీరు, గాలి, నీడ, దిగుబడి అని గడులు గీశాను. సరుగుడు తొందరగా పెరుగుతుంది, ఉప్పుగాలికి తట్టుకుంటుంది. కానీ నాలుగైదేళ్లకు కొట్టేస్తే మళ్లీ మొదటికి వస్తాం. జీడిమామిడి అంటు మొక్క మూడో ఏటి నుంచి కాపుకొస్తుంది, ఇసుక నేలలో బతుకుతుంది, కొమ్మలు కిందికి పరుచుకుంటాయి కాబట్టి గాలికి అంత సులువుగా కూలదు. పైగా జీడిపిక్కలు ఏరేది ఎండాకాలంలో. సరిగ్గా అప్పుడే రెండు నెలలు వేట నిషేధం ఉంటుంది, పడవలు ఒడ్డునే ఉంటాయి, ఇళ్లలో చేతికి పని ఉండదు. ఈ సంగతి కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

చిక్కల్లా మిగిలిన తొమ్మిది సరుగుడు చెట్లతో వచ్చింది. జీడిమామిడికి నిండా ఎండ కావాలి. అందుకని వాటిని తీసేయాలని రాశాను. పై అధికారి ఒప్పుకున్నారు, కొట్టడానికి అనుమతి కాగితం వచ్చింది. ఇక పేటవాళ్ల సమ్మతి తీర్మానం ఒక్కటే మిగిలింది. అంటు మొక్కల లారీ బయలుదేరిందని అప్పటికే కబురు. సంచుల్లో ఉన్న మొక్క ఎక్కువ రోజులు ఆగదు, తొలకరి పదును పోతే గుంతలు తవ్వింది వృథా. ఆ తొందరలో, వేట నిషేధం ముగిసిన మూడో రోజు ఉదయం పది గంటలకు సమావేశం పెట్టాను. మా ఆఫీసు వేళ అది.

వచ్చినవాళ్లంతా ఆడవాళ్లే. చేపలమ్మే ఎర్రమ్మ అనే ఆవిడ వాళ్లలో పెద్ద. జీడిమామిడి అనగానే అందరూ సంతోషించారు. ఎర్రమ్మకూ అభ్యంతరం లేదు. కాకపోతే సంతకాలు మొదలవగానే, "మగోళ్లు ఏట నుంచి ఒచ్చిందాకా ఆగండి బాబూ. సెట్లు కొట్టడమంటే ఆళ్లని ఓ మాట అడగాలి" అంది. మొగుడి అనుమతి లేనిదే వేలిముద్ర వెయ్యదు కాబోలు అనుకున్నాను. మీ సంతకమూ సంతకమేనమ్మా అని పెద్ద ఆదర్శవాదిలా చెప్పాను. ఏ చెట్లు కొడతామో, ఏ రోజు కొడతామో మాత్రం చెప్పలేదు. నాతో వచ్చిన గ్రామ ఉద్యాన సహాయకురాలు, సాయంత్రం మళ్లీ వద్దామా సార్ అని మెల్లగా అడిగింది. అక్కర్లేదని, ఆ పూటే సంతకాలన్నీ పెట్టించాను.

రెండు రోజులకు రంపం మిషన్లతో కూలీలు వచ్చారు. తొమ్మిదింటిలో ఒక చెట్టు మిగతావాటికి దూరంగా, ఒడ్డు వైపు ఒంటరిగా ఉండేది. లారీ తోటలోకి తిరగడానికి అదే అడ్డం. ముందు దాన్ని కొట్టమన్నాను. చెట్టు పడేసరికి పదకొండయింది. అప్పటికే ఈదర గాలి మొదలై జల్లు దట్టంగా కమ్ముకుంది. పొద్దున్న తేటగా ఉన్న సముద్రం రెండు వందల గజాల అవతల కనిపించడం మానేసింది.

ఎర్రమ్మ గంప కూడా దించకుండా పరుగెత్తుకొచ్చింది. కూలిన చెట్టును చూసి నిలబడిపోయింది.

"ఏటి సేసినారు బాబూ? ఈ సెట్టూ, ఎనకున్న ఆ పొడుగు సెట్టూ ఒకే వరసలో కనిపిత్తేనే పడవకి తోవ. ఇటూ అటూ నీళ్లడుగున రాళ్లున్నాయి."

 పడవలో ఫోన్లుంటాయి కదా, దారి చూపిస్తాయి కదా అన్నాను. "కెరటం మీద సుక్కాని ఒదిలీసి ఫోను సూత్తారా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. రెండు పడవలు ఇంకా రావాలని, అందులో ఒకటి తన పెనిమిటి పోలయ్య నడుపుతున్నదని చెప్పింది.

తరువాత ఇరవై నిమిషాలు నేను అధికారిని కాను. ఏం చెయ్యాలో ఎర్రమ్మే చెప్పింది. తుఫానుకు పడిన చెట్లలోంచి ఒక పొడుగాటి వాసం తీసి, కొన వైపు కొమ్మలు ఉంచి, దానికి ఎర్ర చీర కట్టించింది. కొట్టిన మొదలు పక్కనే గొయ్యి తవ్వమంది. కూలీలు తవ్వుతుంటే ఆడవాళ్లూ నేనూ తాళ్లు పట్టుకున్నాం. ఇసుక తడిసి జారిపోతోంది. వాసం సగం లేచి రెండుసార్లు పక్కకు ఒరిగింది. నా అరచేతులు చీరుకుపోయాయి. ఆ మొదలు వైపు చూడడానికి నాకు భయం వేసింది.

వాసం మూడోసారి లేస్తుండగా ఇంజను చప్పుడు వినిపించింది. జల్లు కాస్త పలచబడి నీలం పడవ కనిపించింది. అది పోలయ్యది. ఆయన ఒంటరి చెట్టు కోసం చూశాడు. అది లేదు. వెనక గుంపులోని వేరే చెట్టును అదే అనుకుని, ఆ వరుసలోకి పడవను తిప్పాడు. అంటే నిజమైన దారికి కుడి పక్కకు. ఎర్రమ్మ తాడు వదల్లేదు. గట్టిగా పిలవనూ లేదు, పిలిచినా వినబడదని ఆవిడకు తెలుసు. "లాగండి, లాగండి" అని మా చేత లాగిస్తూనే ఉంది. వాసం నిలబడేలోగా పడవ రాయికి కొట్టుకుని తిరగబడింది.

రెండో పడవవాళ్లకు ఎర్ర చీర కనిపించింది. అలల అవతల కాసేపు ఆగి, వరుస సరిచూసుకుని, నేరుగా లోపలికి వచ్చారు. నీళ్లలో పడ్డ నలుగురినీ లాగింది వాళ్లే. ముగ్గురికి దోక్కుపోయిన దెబ్బలు. పోలయ్య కుడి భుజం పడవకూ రాయికీ మధ్య నలిగిపోయింది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. తిడతాడనుకున్నాను, తిడితే నయమనీ అనుకున్నాను. పక్కన ఎర్రమ్మ గ్లాసుతో నీళ్లు పట్టిస్తోంది. ఆయన తాగడం ఆపి నావైపు తిరిగాడు.

"జీడి ఎయ్యొద్దనీవోన్ని కాను బాబూ. మాకూ మంచిదే. ఆ రెండు సెట్లూ ఒదిలీమని సెప్పీవోన్ని. సందేళ ఒచ్చి అడిగుంటే సెప్పీసీవోన్ని."

నివేదికను తిరగరాశాను. తోటలో జీడిమామిడే వేశాం. వెనకనున్న పొడుగు చెట్టును ఉంచి, కొట్టిన చోట ఇనుప స్తంభం పాతించి, దాని పక్కన సరుగుడు మొక్క నాటించాం. ప్రమాదానికి కారణం అన్న చోట వాతావరణం అని రాస్తే సరిపోతుందని సహాయ సంచాలకులు సలహా ఇచ్చారు. నేను నా హోదా, నా పేరు రాసి, వేటకు వెళ్లేవారిని సంప్రదించకుండా చెట్టు కొట్టించాను అని రాశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను.

నా పోలికలో నేల గురించి, గాలి గురించి తప్పు లేదు. ఇప్పటికీ సరుగుడు, జీడిమామిడి మీద అదే మాట చెబుతాను. తప్పు ఎక్కడంటే, రెండు చెట్లనూ ఒడ్డున నిలబడి మాత్రమే చూశాను. ఉన్న చెట్టు ఇప్పటికే ఎవరికి ఏ పని చేస్తోందో అడగాలి. అడగడానికి మన ఆఫీసు వేళకు కాదు, వాళ్లు ఇంట్లో ఉండే వేళకు వెళ్లాలి. ఆ తరువాతి నా సమావేశాలన్నీ పడవలు ఒడ్డెక్కాకే జరిగాయి. వాటిలో ఒకదానికి పోలయ్య కూడా వచ్చాడు. తీర్మానం మీద ఎడమ చేతి వేలిముద్ర వేశాడు. కుడి చెయ్యి బల్ల దాకా లేవలేదు.