నారలున్న పొర

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే మిద్దె మీద తాటాకు చాప పరిచి, అక్కా నేనూ మామిడి తాండ్ర పోసేవాళ్ళం. రోజుకో పొర. అక్క రసాన్ని గుడ్డలో వడగట్టి, బెల్లం కలిపి, అరచేత్తో నున్నగా పరిచేది. నాకంత ఓపికెక్కడిది... నా వంతు వచ్చిన రోజున వడగట్టకుండానే పోసేసేదాన్ని. నారలన్నీ పొరలోనే ఎండిపోయేవి.

ఎండిన తాండ్రను ముక్కలు కోసి, అమ్మ రేకు డబ్బాలో పెట్టి అటకెక్కించేది. కార్తీకమాసపు ముసురు పట్టేదాకా ముట్టకూడదు. పెరట్లో ఒక్క పండూ లేని ఆ చలి రోజుల్లో, గడపలో కూర్చుని వాన చూస్తూ తాండ్ర చప్పరించడం... ఆ సుఖమే వేరు. ఏడాది పొడుగునా నేను దానికోసమే ఎదురుచూసేదాన్ని.

అక్క పెళ్ళయి బిట్రగుంట వెళ్ళిన ఏడు, ఆ ముసురు రోజుల్లోనే పుట్టింటికొచ్చింది. వేవిళ్ళు. గంజి కూడా కడుపులో నిలిచేది కాదు. మనిషి సగమైపోయింది. అమ్మ ముద్ద పట్టుకుని వెంట తిరగడం, అక్క తల తిప్పుకోవడం... చూస్తుంటే నాకు భయమేసేది.

ఒకరోజు అమ్మ డబ్బా దించి, చిన్న ముక్క తుంచి ఇచ్చింది. అక్క తింది. వాంతి కాలేదు. ఇంకో ముక్క అడిగింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇక రోజూ అన్నానికి ముందు తాండ్ర, తర్వాత తాండ్ర. డబ్బా అడుగు కనిపిస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

"నీ వంతు గూడా అక్కకే ఇచ్చేద్దామా మే?" అని అడిగింది అమ్మ.

తలైతే ఊపాను గానీ, మొహంలోది దాచుకోవడం నాకెక్కడ వచ్చు...

అక్క చూసేసింది. చివరి ముక్కను గోటితో విప్పి, మధ్యలోంచి ఒక పొర తీసి నా చేతిలో పెట్టింది.

"నారలుండే ఈ పొర నువ్వు పోసిందే. నువ్వే తిను. నా పండ్లసందున ఇరుక్కుంటా ఉండాయి" అని నవ్వింది. పుట్టింటికొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ కడుపులో బిడ్డ ఇప్పుడు నాకంటే పొడుగు. అక్కకు షుగరొచ్చింది, డాక్టరు తీపి ముట్టొద్దన్నాడు. అయినా మొన్న ముసురు పట్టగానే మనసాగక, నెల్లూరు బజార్లో తాండ్ర కొని తీసుకెళ్ళాను. అక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోటితో విప్పబోయింది... పొరలు రాలేదు. ముక్కంతా నా చేతిలోనే పెట్టేసింది.

"తిను మే. ఈసారి నా వంతు గూడా నీదే."

ఇప్పుడు తాండ్ర కోసం ముసురు దాకా ఆగక్కర్లేదు, ఏ నెలలోనైనా దొరుకుతుంది. నున్నగా ఉంది, తియ్యగా ఉంది... ఎంత నమిలినా ఒక్క నార కూడా పంటికి తగల్లేదు.

మీ ఇంటి డబ్బాలో ఎవరి చేతి పొర ఉండేదో... గుర్తుంటే చెప్పండి.