అక్క లంగాకి నాన్న తీసిన తరుగు

మా నాన్న మామిడి కాపులు కొనేవాడు. అంటే తోట ఆయనది కాదు, చెట్టూ ఆయనది కాదు. పూత మీద చూసి, ఈ ఏడు ఈ తోటలో ఇంత కాయ దిగుతుందని కంటితోనే లెక్క కట్టి, ఆ ఏటి కాపు మటుకు కొనుక్కునేవాడు. ఆగిరిపల్లి నుంచి రెడ్డిగూడెం దాకా తోటలున్నవాళ్ళకి మా నాన్న చూపంటే హడలు. చెట్టు కింద నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఓ చుట్టు తిరిగి వచ్చి, ‘దీనికి ఎనిమిదొందల కాయ’ అనేవాడు. తోటాయన సంతోషపడేలోపే తరుగు మొదలయ్యేది. గాలికి రాలేది కొంత, కోతులు తినేది కొంత, ఉడతలు కొరికేది కొంత, కాపలావాడి చుట్టాలు పట్టుకుపోయేది కొంత, అసలు పిందే నిలవకపోతే అన్న అనుమానానికి ఇంకొంత. అన్నీ తీసేసరికి ఎనిమిదొందలు కాస్తా నాలుగొందలయ్యేవి. తోటాయన లబోదిబోమనేవాడు. నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేసేవాడు. అప్పుడు బేరం కుదిరేది.

గొప్ప విద్యే, కాదనను. ఆ విద్య వల్లే మా నాలుగు వేళ్ళూ నోట్లోకి పోయాయి. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, దాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి రావడం ఆయనకి చేతకాలేదు. చుట్టాలు పదిమంది వస్తున్నారని కబురొస్తే, ‘పదంటే ఏడుగురొస్తారు, అందులో ఇద్దరికి ఆకలుండదు’ అని ఐదుగురికి సరిపడా బియ్యం కొలవమనేవాడు. తీరా వచ్చేది పన్నెండుమంది. అమ్మ తలప్రాణం తోకకొచ్చేది. మాకెవరికైనా ఒళ్ళు కాలిపోతోందని చెబితే, ‘నువ్వన్నంత ఉండదులే’ అనేవాడు. జ్వరానిక్కూడా తరుగు తీసిన మహానుభావుడు!

ఇక గుడ్డల సంగతి. ఏడాదికోసారి, కాయంతా అమ్ముడయ్యాక, నూజివీడు వెళ్ళి మా అందరికీ గుడ్డలు తెచ్చేవాడు. అమ్మని తీసుకెళ్ళేవాడు కాదు. ఆడవాళ్ళు వెళ్ళి కూర్చుంటే కొట్టువాడికి పండగేనని ఆయన ఉద్దేశం. ఎవరికెంత కావాలో అమ్మ ఇంటిదగ్గరే చెప్పి పంపాలి. చెట్టుకి తగ్గించి చెబితే లాభం వస్తుంది గానీ, మనిషికి తగ్గించి తెస్తే ఒళ్ళు బయటపడుతుంది. ఈ చిన్న తేడా ఆయన బుర్రకి ఏనాడూ ఎక్కలేదు.

మా ఊళ్ళో టైలరు ఒక్కడే. ఆయనది దీనికి సరిగ్గా తిరగేసిన విద్య. చొక్కాకి రెండు గజాలు చాలితే రెండున్నర అనేవాడు. మిగిలిన ముక్కలు ఏమవుతున్నాయో వాళ్ళింటి దండెం మీద ఆరేసిన దిండు గలీబులు చూస్తే తెలిసిపోయేది. ఒక గలీబు నా గౌను, ఇంకోటి మా తమ్ముడి చొక్కా. టైలరు ఎక్కువ చెబుతాడని నాన్న తగ్గించేవాడు. నాన్న తగ్గిస్తాడని టైలరు ఇంకాస్త పెంచేవాడు. ఈ ఇద్దరి మధ్యా నలిగి నలిగి, చివరికి అమ్మ తన ఉపాయం తను కనిపెట్టుకుంది. టైలరు మాట గాలికొదిలేసి తనే కొలుచుకుని, కావాల్సినదానికి గజమున్నర కలిపి చెప్పేది. నాన్న ఆ గజమున్నరా కోసేసి తెచ్చేవాడు. గుడ్డ సరిగ్గా సరిపోయేది. నాన్న మీసం దువ్వుకునేవాడు, అమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. అలా ఏళ్ళ తరబడి మా సంసారం సవ్యంగానే నడిచింది.

అక్క ఎనిమిదో తరగతి పాసైన ఏడు అంతా తలకిందులైంది. మా ఊరి బడి ఎనిమిదితో సరి. ఆ పైన చదవాలంటే నూజివీడు హైస్కూలుకి పోవాలి. అక్కకి చదువంటే ప్రాణం. పొట్లం కట్టొచ్చిన కాగితం కూడా చదవకుండా పారేసేది కాదు. నాన్నని ఒప్పించడానికి అమ్మ వేసవంతా పోరింది. ఒప్పుకుంటూ ఆయన ఒక్క షరతు పెట్టాడు.

‘నూజివీడు బజార్లో నడిచే పిల్ల. పాదాల దాకా లంగా ఉండాలి, ఓణీ ఉండాలి. లేకపోతే గుమ్మం దాటేది లేదు.’

ఓణీలు మా మేనత్త పెట్టినవి రెండున్నాయి. లంగాలే లేవు. అక్క పొడగరి, ఆ ఏడాదిలో అరటి పిలకలా లేచింది. ఉన్న లంగాలన్నీ పిక్కల పైకెక్కి కూర్చున్నాయి. కాబట్టి కొత్త లంగా ఒక్కటి వస్తే అక్కకి చదువు, రాకపోతే ఇల్లు. అంతవరకూ వచ్చింది వ్యవహారం.

ఇంత ముఖ్యమైన పనికి అబద్ధమాడకూడదని అనుకుంది మా అమ్మ, పిచ్చి తల్లి. అక్కని నిలబెట్టి, నడుం నుంచి మడమ దాకా తాడు పట్టి కొలిచింది. కొట్లలో దొరికేది వెడల్పు తక్కువుండే చిన్న పన్నా గుడ్డ కాబట్టి నాలుగు ముక్కలు పక్కపక్కన కలిపి కుట్టాలి. పిల్ల ఇంకా పెరిగితే విప్పుకోడానికి కింద రెండు టక్కులు మడిచి ఉంచాలి. అన్నీ చూసుకుని ఐదు గజాలని తేల్చింది. పైన ఒక్క బెత్తెడు కూడా కలపలేదు. నాన్న బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

‘ఏవండీ, ఈసారి తరుగు తీయకండి. ఇది ఉన్న మాట. ఐదంటే ఐదే.’

‘అలాగేలేవే’ అన్నాడు నాన్న.

ఉన్న మాట! అయ్యో అమ్మా, మా నాన్నతోనా ఆ మాట అనేది? తోటలమ్మేవాళ్ళంతా అనేది అదే కదా, ‘ఇది ఉన్న మాటండీ, ఇంకేం తీయకండి’ అని. ఆ మాట చెవిన పడిందంటే ఆయనకి అనుమానం లేచి కూర్చునేది, మామూలుకన్నా నాలుగాకులు ఎక్కువే తీసేవాడు. దానికితోడు అప్పుడే గజాలు పోయి కొట్లలోకి మీటర్లు కొత్తగా వచ్చాయి. మీటరు గజంకన్నా పెద్దదని ఎవరో ఆయన చెవిన వేశారు. ఎంత పెద్దదో ఆయన అడగలేదు. అడిగి తెలుసుకుంటే అదింక అంచనా ఎలా అవుతుంది?

సాయంత్రానికి నాన్న గుడ్డ తెచ్చాడు. ముదురు నీలం మీద చిన్న చిన్న తెల్లపూలు. అక్క దాన్ని చెంపకి ఆనించుకుంది, ఒళ్ళోంచి దింపలేదు. అమ్మ దాన్ని చాప మీద పరిచి, తాడు తెచ్చి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

‘ఇదేంటండీ? ఐదు గజాలన్నాను కదా!’

‘రెండున్నర మీటర్లు. మీటరంటే పెద్దది, నీకు తెలీదు.’

‘ఎంత పెద్దదైతే మటుకు? ఇది మూడు గజాలైనా ఉందా?’

‘నువ్వు ఐదన్నావు. టైలరు గలీబులకి పోయేది ఒకటి తీసేశాను. టక్కుల్లో మడిచి దాచే గుడ్డకి డబ్బెందుకని ఇంకో అర తీశాను. మీటరు పెద్దది కాబట్టి ఇంకో అర. మిగతాది నువ్వు కలిపింది.’

‘నేనేం కలిపాను?’

‘ఎప్పుడూ కలుపుతావుగా.’

అమ్మ ఇన్నేళ్ళూ కలిపిన మాట నిజమే మరి. ఆయనకా సంగతి మొదట్నుంచీ తెలుసన్నది అమ్మకి ఆ పూటే తెలిసింది.

మర్నాడు టైలర్ని పిలిపించారు. ఆయన గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘రెండు ముక్కలతో అయితే పాదాల దాకా వస్తుందండీ. కానీ అమ్మాయిగారు అడుగు తీసి అడుగు వెయ్యలేరు. మూడు ముక్కలైతే నడుస్తారు గానీ పిక్కలు కనపడతాయి. ఏది కుట్టమంటారు?’

‘నడవాలి, పిక్కలు కనపడకూడదు’ అన్నాడు నాన్న.

‘అయితే ఇంకో మీటరున్నర తెప్పించండి బాబూ.’

‘చూశావా, అడగనే అడిగాడు!’ అని నాన్న దొంగని పట్టేసినట్టు అమ్మవైపు చూశాడు.

ఆ టైలరు జన్మలో ఒక్కసారి నిజం చెప్పాడు. అదీ మా ఇంట్లో చెల్లలేదు.

మూడు ముక్కలతోనే కుట్టారు. అక్క వేసుకుంది. పిక్కలు సగం బయటికొచ్చాయి. బొందు కిందికి జార్చి కట్టుకుంది. చాలలేదు. మోకాళ్ళు కాస్త వంచి నడిస్తే పాదాల దాకా వస్తుందని, వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూపించింది. మా తమ్ముడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క మటుకు నాన్న మొహంలోకే చూస్తూ నడిచింది.

కింద వేరే గుడ్డ అంచు వేస్తానంది అమ్మ. ‘అతుకుల లంగాతో నా కూతురు నూజివీడు బజార్లో తిరగడమా?’ అన్నాడు. తన చీర చింపి లంగా కుట్టిస్తానంది. ‘చీరలు చింపుకునే గతి పట్టిందా మనకి?’ అన్నాడు. పోనీ ఆ మీటరున్నరా తెచ్చిపెట్టండి అంది. ‘వచ్చే కాపుకి చూద్దాంలే’ అన్నాడు. కొట్టు ఎక్కడికీ పోలేదు, గుడ్డా అయిపోలేదు. కానీ మళ్ళీ వెళ్ళి అదే గుడ్డ అడిగితే, ఫలానా ఆయన లెక్క తప్పాడని కొట్టువాడికి తెలిసిపోదూ? ఆ కొట్టువాడి నోట పడితే రేపు తోటలవాళ్ళు నవ్వరూ? ఆయన పరువుకి మటుకు తరుగనేదే లేదు. అమ్మ చేతికి డబ్బిచ్చే అలవాటు ఎటూ లేదు.

బళ్ళు తెరిచారు. అక్క ఇంట్లోనే ఉండిపోయింది. మరుసటేడు అమ్మ మళ్ళీ కదిపితే, ‘ఏడాది మానేసిన పిల్ల, ఇప్పుడెళ్ళి చిన్నపిల్లల పక్కన కూర్చుంటుందా?’ అన్నాడు నాన్న. ఆ లంగా ట్రంకుపెట్టె అడుక్కి పోయింది. ఇన్నేళ్ళయినా నాకిది తలుచుకుంటే కడుపు మండిపోతుంది. అక్క ఒక్కనాడూ ఏడవలేదు. ఏడ్చినా నాన్న ఆ ఏడుపులోంచి ఎంత తీసేసేవాడో ఆ పిల్లకి తెలుసు.

ఆ తర్వాతి ఏడు నా వంతు వచ్చింది, నేనూ ఎనిమిది గట్టెక్కాను. నేను పొట్టి. చెప్పుకోడానికి సిగ్గేం లేదు, ఆ పొట్టితనమే నన్ను చదివించింది. హైస్కూల్లో చేరే రోజు పొద్దున్నే అక్క ట్రంకుపెట్టె తీసి, ఆ నీలం లంగా దులిపి నాకు తొడిగి, బొందు బిగించింది. కుచ్చిళ్ళు సర్ది లేచి నిలబడింది. లంగా నా పాదాల మీదికి చక్కగా దిగింది.

వసారాలో నాన్న నన్ను పైనుంచి కిందిదాకా చూసి, అమ్మకి వినపడేలా గొంతు పెంచాడు.

‘ఇప్పుడేమంటావే? కొలిచి కుట్టినట్టు లేదూ! ఆ రోజు అందరూ కలిసి నన్ను ఆడిపోసుకున్నారు.’

లోపలున్న అమ్మకి బదులు అక్కే పలికింది.

‘గుడ్డ సరిపోయింది నాన్నా. పిల్లే మారింది.’

నాన్నకి అది మెచ్చుకోలులా వినపడింది. నవ్వుతూ తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్ళిపోయాడు. అక్క నా పుస్తకాలు తెచ్చి చేతిలో పెట్టి, ‘బస్సు దాటిపోతుంది, పదవే’ అంది.