ఉపదేశిగారి ముద్ద

ఆ ఏళ్లు తలుచుకుంటే నాకు ముందు ఎరుపే కనిపిస్తుంది. చలి తగ్గాక మా ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసేవాళ్లు. ఎండ వాటి మీద పడి మనుషుల ముఖాలక్కూడా ఆ రంగు అంటేది. గాలి ఇటు తిరిగితే వీధి వీధంతా తుమ్మేది. ఆ ఎరుపులోంచి ప్రతి శనివారం బస్సెక్కి గుంటూరు వెళ్లేదాన్ని. ఎక్కగానే నిద్ర. కళ్లు తెరిస్తే పత్తి చేలు, మళ్లీ తెరిచినా అవే చేలు. బస్సు కదిలిందో, నేనే కలగన్నానో తెలిసేది కాదు.

నేను వెళ్లేది బ్రాడీపేటలో ఒక మేడమీద గదికి. కింద ఎంసెట్ కోచింగ్, పక్కన పళ్ల డాక్టరు. పైన మేం పదిమందిమి బైబిలు చరిత్ర చదువుకునేవాళ్లం. తొంభైల చివరి మాట ఇది. పాఠం చెప్పే మాస్టారు రిటైరైన లెక్చరరు, చాలా నెమ్మదస్తుడు. బైబిల్లో పత్రికలనే ఉత్తరాలుంటాయి; ఏ పత్రిక ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నదే ఆయన లోకం. తొలినాటి క్రీస్తు ప్రచారకుడైన ఒక అపొస్తలుడి పేరు మీదున్న కొన్ని పత్రికలు ఆ అపొస్తలుడు పోయాక శిష్యులెవరో రాసి ఉండొచ్చని కొందరు పండితులు అంటారనీ, ఆయన బతికుండగా లేని సంఘ పెద్దల పదవులు వాటిలో కనిపిస్తాయనీ చెప్పారు. కాదు, ముసలితనంలో వేరేవాళ్ల చేత రాయించి ఉంటాడని ఒకాయన లేచి వాదించాడు. మాస్టారు రెండు వాదనలూ బోర్డు మీద రాసి, తీర్పు మాత్రం చెప్పలేదు. ఒక్క సూత్రం చెప్పారు. ఒక కాగితంలో ఏ వస్తువు గురించి ఉందో, ఆ కాగితం ఆ వస్తువు కంటే పాతది కాలేదు.

నాకు ఇరవై ఏళ్లు. నోరు ఎక్కువ. ఆ సూత్రం పట్టుకుని ఇంటికొచ్చి, అన్నం తింటున్న నాన్న మీదికి వెళ్లాను. నాన్న మా ఊరి పాస్టరు. శిష్యుడు రాసి గురువు పేరు పెడితే దాన్ని దొంగ సంతకం అంటారని దబాయించాను. నాన్న చెయ్యి కంచంలో ఆగింది.

“అంత మాటెందుకమ్మా. ఆయన మీద ప్రేమతో రాశారేమో” అన్నాడు.

ప్రేమే ఉంటే ధైర్యంగా సొంత పేరు పెట్టుకోవాలి, ఇది అబద్ధం కిందకే వస్తుందని తేల్చి చెప్పి, మజ్జిగ పోసుకున్నాను. గెలిచానన్న సంతోషంతో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇక్కడ ఉపదేశిగారి గురించి చెప్పాలి. మా ఊళ్లో చర్చి పెట్టింది ఆయనే. తల్లీతండ్రీ లేని నాన్నని పెంచిందీ, చదువు చెప్పిందీ ఆయనే. నేను పుట్టకముందే పోయారు. ఆయన రాసుకున్న ప్రసంగాల పుస్తకానికి చెద పడితే నాన్న మొత్తం తిరగరాశాడు. అందుకని అక్షరాలన్నీ నాన్నవే, మాటలన్నీ ఉపదేశిగారివి. అందరమూ అలాగే అనుకున్నాం. ఏటా కోత పండుగకి నాన్న అందులోంచి ఒక పేజీ మైకులో చదివేవాడు. చర్చికి రానివాళ్లు కూడా గుమ్మాల్లో నిలబడి వినేవాళ్లు.

ఆ పుస్తకంలో ఒక పేజీ ఊరి అలవాటునే మార్చింది. “పంట పోయినవాడి ఇంటికి ఓదార్చడానికి వెళ్లకు. ఆకలేస్తోందని వెళ్లు. ఒక ముద్ద అడుగు. ఒకరికి అన్నం పెట్టేవాడికి ఆ పూట చావాలన్న ఆలోచన రాదు.” నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు పచ్చపురుగు పడి పత్తంతా పోయింది. ఆ ఏటి పండుగలోనే నాన్న ఆ పేజీ మొదటిసారి చదివాడు. మర్నాడు అమ్మ నన్ను పక్కవీధి సాయిబు బాబాయి ఇంటికి తీసుకెళ్లింది. రెండెకరాలు కౌలుకి చేసి అంతా పోగొట్టుకున్నాడాయన. అమ్మ ముద్ద అడిగితే ఆ ఇంట్లో పొయ్యి రాజేశారు. పొగ, పచ్చిమిరపకాయ వాసన, పసుపు రంగు గోడలు గుర్తున్నాయి. అది నిజంగా చూశానో, తర్వాత తర్వాత అల్లుకున్నానో చెప్పలేను. అప్పట్నించి ఎవరింట్లో ఏ దెబ్బ తగిలినా జనం వెళ్లి ముద్ద అడగడం మా ఊరి రివాజయింది. దానికి ఉపదేశిగారి ముద్ద అని పేరు కూడా పడింది.

నాన్నతో వాదించిన కొన్నాళ్లకే సంఘ పెద్దలు ఆ పుస్తకాన్ని అచ్చు వేయిద్దామన్నారు. శుభ్రంగా కాపీ రాసే పని నాకొచ్చింది. వరండాలో కూర్చుని, చర్చికి కానుకగా వచ్చి ఎదురుగా ఆరుతున్న మిరపకాయల్ని చూస్తూ, సగం మగతలో రాసుకుపోతున్నాను. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి పై వాక్యం మీద కలం ఆగింది. “పత్తికి ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావని ఏడు వస్తుంది.” మగత ఎగిరిపోయింది. ఉపదేశిగారి కాలంలో ఇక్కడ పత్తి ఎక్కడిది? అమ్మని అడిగాను. ఆయన సమాధి కట్టేనాటికి చుట్టూ పొగాకూ జొన్నే గదే, పత్తి ఆ తర్వాతెప్పుడో వచ్చింది అంది.

మాస్టారి సూత్రం పనిచేసింది. పనిచేసినందుకు నాకు ఏడుపొచ్చింది. నేను దొంగ సంతకం అన్నది ఎవరినో అప్పుడు తెలిసింది.

నాన్న ఎండలో గొంతుకూర్చుని కాయల్లోంచి తాలు ఏరుతున్నాడు. తెల్లబారిన కాయలు ఒక పక్కకి, ఎర్రవి ఒక పక్కకి. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

“నాన్నా, ముద్ద పేజీ నువ్వు రాశావా?”

చేతిలోని తాలుకాయ పక్కన పడేశాడు. “ఆ ఏడు ఏం చెప్పాలో తెలీక, ఆయనుంటే ఏం చెప్పేవాడో అని రోజూ అడుక్కునేవాణ్ణి. ఒకరోజు చెప్పినట్టే అనిపించింది. రాశా.”

“నీ పేరు పెట్టుకోవచ్చుగా.”

“నన్ను చెడ్డీల్లేకుండా తిరిగినప్పట్నించీ చూసినోళ్లు. నా మాట ఎవరింటారమ్మా?” అని నవ్వి, నా వైపు చూడకుండా అడిగాడు. “ఇప్పుడు చెప్పు, అబద్ధమంటావా?”

నేనూ తాలు ఏరడం మొదలుపెట్టాను.

పుస్తకం ఉపదేశిగారి పేరుతోనే వచ్చింది. ఒక ప్రతి మాస్టారికి ఇచ్చాను. మరుసటి శనివారం ఆయన నన్ను పక్కకి పిలిచి, ఆ పేజీ తర్వాతి కాలందని మెల్లగా చెప్పారు. తెలుసు సార్ అన్నాను. ఎవరు రాశారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కానీ ఊరంతా నాన్న మాట మీద నడుస్తోంది, నాన్న పేరు మాత్రం ఎక్కడా లేదు. కోత పండుగకి జనం ఉపదేశిగారి సమాధి మీద పూలు పెడుతుంటే, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ నాన్నని చూసి నాకు కోపం వచ్చేది. ఎవరి మీద కోపమో తెలిసేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకి నాన్న పోయాడు. అప్పుడూ మిరపకాయల కాలమే. మూడోరోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరికీ లేచే ఓపిక లేదు. ఆ ఎండా, ఆ ఎరుపూ గుమ్మందాకా వచ్చి ఆగిపోయినట్టుంది. సాయిబు బాబాయి వచ్చి వరండాలో కూర్చున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది.

“ఆకలేస్తోందమ్మాయ్, ఒక ముద్ద పెట్టు” అన్నాడు.

లేచి పొయ్యి వెలిగించాను. అన్నం వండి పండుమిరప పచ్చడి వేసి పెట్టాను. ఆయన కలుపుకుంటుంటే ఇక ఆగలేకపోయాను.

“బాబాయ్, ఈ మాట ఉపదేశిగారిది కాదు. నాన్నది.”

“నాకు తెలుసు” అన్నాడు, తల ఎత్తకుండా. “పత్తి పోయిన ఏడు మందు డబ్బా తీసుకుని చేలోకి పోతున్నా. మీ నాయన దారిలో ఎదురొచ్చాడు. డబ్బా చూశాడు. దాని సంగతి ఎత్తలేదు. ఆకలేస్తోంది, ఇంటికి పోయి ఒక ముద్ద పెట్టిద్దువు పదా అన్నాడు. అప్పటికింకా పండగ రాలేదు, ఆ పేజీ ఎవరూ వినలేదు.”

ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఆయన ఉపదేశిగారిదన్నాడు. ఆయన మాట కాదనడానికి నేనెవర్ని?”

ఇంకో ముద్ద అడిగాడు. వడ్డించాను. నా ముఖం చూసి, మూడు రోజుల్నించి ఏమైనా తిన్నావా అన్నాడు. లేదన్నాను. నేనూ కంచం తెచ్చుకుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాను.