ఫ్లాపీకి ఇత్తడి బిళ్ళ

“గురువారమే సరిచేసిన. పెద్దమ్మ ముంగటనే నడిపి చూపెట్టిన. మళ్ళ చెడగొట్టింది నువ్వే!” అన్నాడు నరేందర్.

“నీ భాగం నేను ముట్టుకోనేలేదు దాదా. లిస్టు పైన హెడ్డింగు మార్చాను, అంతే. మా అమ్మ మీద ఒట్టు,” అన్నాడు పార్థో.

“ముట్టకుంటే అదే పోయిందా? కాళ్ళొచ్చినయా దానికి?”

ఆ సోమవారం పొద్దున్నుంచి ఇదే వరస. పోట్లాట మొదలయ్యేది హిందీలో. కోపం ముదిరాక ఒకడు వరంగల్ మాటలోకి, ఒకడు బెంగాలీలోకి దిగేవారు. మధ్యలో కూర్చున్నదాన్ని నేను.

అప్పుడు తొంభైల నడిమి కాలం. బెంగాల్లోని లిలువాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కార్ఖానాలో నేను టూల్‌రూమ్ అటెండెంటుని. నా చదువు ఐదో తరగతితో ఆగింది. అక్కడ ఫిట్టరుగా చేసిన మా ఆయన పోయాక నన్ను ఖలాసీగా తీసుకున్నారు. పదకొండేళ్ళు ఊడ్చి, తుడిచి, మోసిన తరవాత తాళాలు చేతికిచ్చారు. పనిముట్ల లెక్క కంప్యూటరులో పెట్టాలని కంపెనీ అనుకున్నప్పుడు, ప్రోగ్రాము రాయడానికి వచ్చిన ఈ ఇద్దరికీ నా గదిలోనే ఒక మూల ఇచ్చారు. తెచ్చినవి రెండు మెషిన్లు. ఒకదానికొకటి వైరు లేదు. వాళ్ళు చింపి పారేసే కాగితం వెనకవైపు నాకు ఆరు నెలలు చీటీలకు సరిపోయింది.

టూల్‌రూమ్ పద్ధతి చాలా పాతది. ప్రతి మనిషికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు కొన్ని ఉంటాయి. కిటికీ దగ్గర బిళ్ళ ఇస్తే పనిముట్టు ఇస్తాను. ఆ పనిముట్టు కొక్కేనికి బిళ్ళ వేలాడదీస్తాను. వస్తువు తిరిగొచ్చాక బిళ్ళ తిరిగిస్తాను. ఖరీదైన కొలత సామాను మాత్రం రాత్రి బయట ఉండకూడదు. ఉంటే ఆ మనిషిని గేటులోకి రానివ్వరు, షోకాజు నోటీసు ఇస్తారు. మూడో రోజుకి జవాబు లేకపోతే దొంగతనం కింద పోలీసు ఠాణాకి కాగితం వెళుతుంది.

కొత్త ప్రోగ్రాములో ఒక జబ్బుండేది. ఒకే మనిషి ఒకే రోజు రెండు వస్తువులు తిరిగిస్తే, రెండోదాన్ని మింగేసేది. నరేందర్ దాన్ని గురువారం బాగుచేశాడు. రెండు వేళ్ళతో కీలు నొక్కి నేనే పరీక్ష చేశాను, బాగానే ఉంది. శనివారం సాయంత్రం ఫిట్టరు అప్పన్న ఒక స్పానరు, రంధ్రాల లోపలి కొలత చూసే ఒక బోర్ గేజి తిరిగిచ్చాడు. రెండూ కంప్యూటరులో ఎక్కించాను. సోమవారం తీసిన లిస్టులో బోర్ గేజి అప్పన్న దగ్గరే ఉందని వచ్చింది. అతన్ని గేటు దగ్గర ఆపేశారు.

నేను కిందికి వెళ్ళేసరికి కమ్ములకవతల నిలబడి ఉన్నాడు. మాది శ్రీకాకుళం, అతనిదీ అటే.

“ఏటి పిన్నీ ఇది? నానేటి, గేజి ఎత్తుకెల్లి కూరొండుకుంతానా? లైన్లో అందరూ సూత్తన్నారు. ఇంటికి ఏ మొకం పెట్టుకుని ఎల్లను?”

“నోరు మూసుకుని అక్కడే ఉండు. నోటీసు మీద ఏలుముద్రా ఎయ్యకు, సంతకమూ ఎట్టకు,” అని చెప్పి, బోర్ గేజి గుడ్డలో చుట్టుకుని వర్క్స్ మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద పెట్టాను. ఆయన గేజిని చూశారు, లిస్టుని చూశారు. తిరిగొచ్చినట్టు లిస్టులో లేదు కదా అన్నారు. వస్తువు మీ ముందే ఉంది కదయ్యా అన్నాను. ఇకనుంచి రికార్డు అంటే కంప్యూటరేనని హెడ్డాఫీసు ఆర్డరు వచ్చిందనీ, లిస్టు సరిచేసి తెస్తే గేటుకి చీటీ రాస్తాననీ అన్నారు. కళ్ళెదుటి ఇనుము కన్నా కాగితం గట్టిదని ఆ రోజే తెలిసింది.

మెట్లెక్కి వచ్చేసరికి వీళ్ళింకా ఒట్లు పెట్టుకుంటూనే ఉన్నారు.

“మీ తగువు తరవాత. అసలు ప్రోగ్రాము ఎక్కడుంటాది?” అని అడిగాను.

“ఇగో, ఈ ఫ్లాపీలనే పెద్దమ్మా. కాపీ తీస్కొని మా మెషిన్ల మార్చుకుంటం. అయినంక మళ్ళ దీన్లకే ఎక్కిస్తం.”

“నువ్వు తీసినరోజే అతనూ తియ్యొచ్చా?”

“తియ్యొచ్చు. ఇది గేజి కాదు గద, ఎంతమందన్న తియ్యొచ్చు.”

“తియ్యొచ్చు సరే. తిరిగి పెట్టినప్పుడో?”

ఇద్దరూ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టారు. పార్థో బుధవారం కాపీ తీసుకున్నాడు. నరేందర్ గురువారం సరిచేసి పెట్టాడు. పార్థో శనివారం పొద్దున్న తన బుధవారపు కాపీని దాని మీద ఎక్కించాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. పై చదువులు చదివినవాళ్ళకి ఈ ముక్క తట్టడానికి ఐదో తరగతి మనిషి అడగాల్సి వచ్చింది.

ఆ ఫ్లాపీని తీసి నా బీరువాలో పెట్టాను. వాడకంలో లేని రెండు బిళ్ళల మీద చెరొక పేరు గీశాను. ఫ్లాపీ కావలసినవాడు బిళ్ళ వేలాడదీయాలి. బిళ్ళ ఉన్నంతవరకు రెండోవాడికి ఇవ్వను. తిరిగిచ్చేటప్పుడు ఏం మార్చాడో చీటీ రాయాలి. పాత జబ్బులన్నీ వరసగా నేను పరీక్ష చేస్తాను, ఒక్కటి తేడా వచ్చినా పుచ్చుకోను.

పార్థోకి ఒళ్ళు మండింది. “మాషీ, మేము ఇంజనీర్లం. ఖలాసీలం కాదు.”

“ఖలాసీలు నా దగ్గర ఒక్క గేజీ పోగొట్టలేదు నాయనా.”

“అతని దగ్గరుంటే అంతసేపూ నేనేం చెయ్యాలి?”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కొన్ని వారాల తరవాత ప్రోగ్రాముని ముక్కలు చేసి, ముక్కకో ఫ్లాపీ, ఫ్లాపీకో కొక్కెం పెట్టుకున్నారు. ఆ రోజుకి మాత్రం కాళ్ళు చాపుక్కూర్చోమన్నాను. యూనియన్ నాయకుడొకాయన వచ్చి, అప్పన్న కోసం కంప్యూటరు తీసెయ్యాలని గేటు మీటింగు పెడతానన్నాడు. రేపు పెట్టుకోండి, ఇవాళ మమ్మల్ని పని చేసుకోనివ్వండి అని పంపేశాను.

నరేందర్ తన బిళ్ళ తగిలించి, పార్థో కాపీ మీదే జబ్బు మళ్ళీ నయం చేశాడు. నేను ఒకే పేరు మీద రెండు వస్తువులు, మూడు వస్తువులు, ఆరు వస్తువులు ఎక్కించి చూశాను. ఏదీ మింగలేదు. శనివారపు లెక్క మళ్ళీ కొట్టి లిస్టు తీసేసరికి మేనేజరు గారు ఇంటికి వెళ్ళిపోయారు.

నాకు తెలిసింది ఇంతే. నలుగురు కలిసి చేసే పని చెడితే ఎవడు చెడగొట్టాడని కాదు ముందు అడగవలసింది, అది ఎక్కడ చేతులు మారిందని. అది చూడనంతవరకు ఎన్ని ఒట్లు పెట్టినా అదే తప్పు మళ్ళీ వస్తుంది.

మర్నాడు ఎనిమిదింటికి కొత్త లిస్టు మేనేజరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన అప్పన్న పేరు కోసం పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, నోటీసు వెనక్కి తీసుకుని, గేటుకి చీటీ రాశారు. అప్పన్న ఎనిమిదీ నలభైకి లోపలికి వచ్చాడు. పని ఎనిమిదింటికి మొదలు కాబట్టి, టైమాఫీసువాళ్ళు ఆలస్యమని అతని కార్డు మీద ఎర్ర గీత గీశారు.